తొలి ధూళి తేదీ

ఊపిరితిత్తుల పొరకు క్యాన్సర్ వచ్చి మా సంస్థలో చేరిన ప్రతి రోగీ ఇకమీదట కనీసం ఐదేళ్లు బతికి తీరాలని ఏప్రిల్ మొదటి వారంలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ముద్ర, సంతకం, నకళ్లు ఎవరెవరికి పంపారో ఆ వివరాలు, అన్నీ సక్రమంగా ఉన్నాయి. జబ్బుకు మాత్రం నకలు పంపలేదు.

నేను అక్కడ గణాంక సహాయకుణ్ణి. సంస్థ పూర్తి పేరు ప్రాంతీయ కార్మిక శ్వాస వైద్య సంస్థ. ఊరి చివర, మూతబడిన సిమెంటు రేకుల కంపెనీ గోడను ఆనుకుని ఉంటుంది. ఆ కంపెనీలో ఆస్‌బెస్టాస్ అనే నారలాంటి రాతిపొడిని సిమెంటులో కలిపి ఇళ్ల కప్పులకు రేకులు చేసేవారు. ఆ పొడి పీల్చినవాళ్లలో కొందరికి ముప్పై నలభై ఏళ్లు గడిచాక ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు క్యాన్సర్ వస్తుంది. వచ్చాక ఏడాది, ఏడాదిన్నర. మందు బాగా పడితే ఇంకొన్నాళ్లు. ఇందులో నా అభిప్రాయం ఏమీ లేదు, సగటు అంతే.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కణ్ణే. మా నాన్న గట్టయ్య ఆ కంపెనీలో పొడి సంచులు కోసి మిక్సరులో గుమ్మరించే పని చేశాడు. సాయంత్రం ఆయన ఇంటికి రాగానే మా అమ్మ కొమురమ్మ చొక్కా విప్పించి, వాకిట్లో నిలబడి నాలుగు విసుర్లు దులిపి, ఆ తర్వాత నీళ్లలో వేసేది. ఆ వేళకు మా కార్మికుల కాలనీలో ఏ ఇంటి ముందు చూసినా అదే చప్పుడు. అలా దులిపి దులిపి నన్ను స్టాటిస్టిక్స్ చదివించారు. అందుకే నాకు అంకెలంటే భక్తి, ఆఫీసంటే గౌరవం.

ఉత్తర్వు వచ్చిన రోజే మా డైరెక్టరు డాక్టర్ వామనమూర్తిగారు సమావేశం పెట్టారు.

"మిత్రులారా! లక్ష్యం అందుకోలేని సంస్థల్లో క్యాన్సర్ వార్డు ఎత్తివేస్తారట. మన రోగుల సగటు జీవనం ఎంత?"

"పదమూడు నెలలు సార్," అన్నాను.

"పదమూడు నెలలు!" ఆయన కళ్లజోడు తీసి, మేమందరం సరిగా పనిచేయనట్టు కాక రోగులు సరిగా పనిచేయనట్టు బాధపడ్డారు. "ఏమిటీ నిర్లక్ష్యం?"

వార్డు చూసే డాక్టర్ సబీహా లేచింది. "సార్, ఈ జబ్బుతో ఐదేళ్లు బతికేవాళ్లు వందమందిలో పదిమంది కూడా ఉండరు. టైముకు మందు ఎక్కిస్తే కొన్ని నెలలు కలుస్తాయి. ఛాతీలో చేరిన నీరు తీసేస్తే మనిషికి ఊపిరి ఆడుతుంది, పడుకోగలడు, నాలుగు ముద్దలు తినగలడు. మన చేతిలో ఉన్నది అదీ."

"ప్రతికూల వైఖరి వద్దు డాక్టర్. ఉత్తర్వులో 'బతికి తీరాలి' అని ఉంది. 'బతకడానికి ప్రయత్నించాలి' అని లేదు."

అప్పుడు నాకొక సందేహం వచ్చింది. సందేహం వస్తే అడగమని కాలేజీలో చెప్పారు.

"సార్, ఐదేళ్లు అన్నారు గానీ ఎప్పటి నుంచి లెక్కించాలో ఇందులో రాయలేదు సార్."

డైరెక్టరుగారు ఉత్తర్వు ముందు చదివారు, వెనక చదివారు. ఆయన ముఖంలో మెల్లగా వెలుగు వచ్చింది.

"ఇప్పటిదాకా మీరు ఎప్పటి నుంచి లెక్కించారు?"

"పరీక్షలో జబ్బు తేలిన రోజు నుంచి సార్."

"అది మనకు తెలిసిన రోజు. మొదలైన రోజు కాదు. మనకు ఆలస్యంగా తెలిసిందని రోగి ఆయుష్షులో కోత పెట్టడం ఏ న్యాయం? పొడి మొదటిసారి లోపలికి వెళ్లిన రోజే జబ్బుకు అసలు తేదీ. అక్కడి నుంచి వేయండి."

కంపెనీలో చేరిన తేదీలు నా దగ్గర ఉన్నాయి. అక్కడికక్కడే వేశాను. పదమూడు నెలల సగటు ముప్పై నాలుగేళ్లయింది. నేను రెండుసార్లు కూడి చూశాను. మూడోసారి డైరెక్టరుగారే స్వయంగా కూడి, కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మేమూ లేచి నిలబడ్డాం. డాక్టర్ సబీహా మాత్రం కూర్చునే ఉంది.

మర్నాడు సర్క్యులర్ వెలువడింది.

"ఇందుమూలంగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, రోగి జీవనకాలమును తొలి ధూళి తేదీ నుండి మాత్రమే గణించవలెను. ఎవరికైనను, ఎక్కడనైనను తొలి ధూళి సోకినచో అదే దినమున నమోదు చేయవలెను. వ్యాధి ఉన్నదా లేదా అన్నది ఈ నమోదునకు అనవసరము."

ఆ చివరి వాక్యానికి కారణం ఉంది. జబ్బు రానివాళ్లు వచ్చినవాళ్లకంటే ఎక్కువ కాలం బతుకుతారని డైరెక్టరుగారు గమనించారు. కాబట్టి కాలనీలో ఆరోగ్యంగా తిరుగుతున్న పాత కార్మికులను కూడా మా రోగుల్లో కలిపేస్తే సగటు ఇంకా పెరుగుతుంది. కలిపేశాం.

ఇంకొక నిబంధన కూడా ఆయనే చెప్పి రాయించారు: తొలి ధూళి తేదీ నుండి ఐదేళ్లు నిండని ప్రతి వ్యక్తికి ఇరవై నాలుగు గంటల్లో సంపూర్ణ చికిత్స ప్రారంభించవలెను, సదరు వ్యక్తి అభ్యంతరములు పరిగణనలోకి తీసుకొనరాదు.

"కంపెనీ మూతబడి పదిహేనేళ్లు దాటింది సార్. ఐదేళ్లలోపు వాళ్లు ఎవరుంటారు?" అన్నాను.

"ఎవరూ ఉండరు. అందుకే ఉదారంగా రాయండి," అన్నారు.

కాలనీలో నమోదు శిబిరం పెట్టినప్పుడు మా అమ్మ కూడా వరుసలో నిలబడింది. అక్కడ కూర్చున్న గుమాస్తా నియామక పత్రం అడిగాడు.

"నేను కంపెనీల చెయ్యలె సారూ. ఇంటికాడ ఆయన బట్టలు దులిపిన."

"దులపడానికి ఆర్డరు ఎవరిచ్చారమ్మా?"

"ఎవరిస్తరు? మా అత్త ఇచ్చింది."

అమ్మకు అత్త, అంటే మా నానమ్మ, నియామక అధికారి కాదు కాబట్టి అమ్మకు తేదీ రాలేదు. కాలనీ ఆడవాళ్లలో ఎవరికీ రాలేదు. అందరూ నవ్వుకుంటూ ఇళ్లకు పోయారు.

ఇక మా సంస్థకు మంచి రోజులు వచ్చాయి. ముఖద్వారం మీద 'ఇక్కడ సగటు జీవనం 36 ఏళ్లు' అని బోర్డు పెట్టారు. వేరే రాష్ట్రాల నుంచి బృందాలు వచ్చాయి. మీరు వాడే మందు ఏమిటి అని ఒకాయన అడిగితే, "క్రమశిక్షణ" అన్నారు డైరెక్టరుగారు. ఆయన రాసుకున్నాడు. వార్డులో ఆక్సిజన్ గొట్టాలతో ఉన్న రోగులకు 'దీర్ఘజీవి' అని ముద్రించిన బిళ్లలు తగిలించి ఫోటోలు తీశారు. గొట్టాలు కనపడకుండా మెడ నుంచి పైకే తీశారు. ఆ నెలలో ముగ్గురు పోయారు. ముగ్గురూ చాలా పాతకాలంలో కంపెనీలో చేరినవాళ్లు కావడం వల్ల మా సగటు కొద్దిగా పెరిగింది.

ఇంతవరకూ ఇది ఆఫీసు సంగతి. జూన్‌లో మా ఇంటి సంగతి అయింది.

మా నాన్నకు పావురాలంటే పిచ్చి. మా కప్పు మీద రేకులతోనే గూళ్లు కట్టాడు. పొద్దుగూకే వేళ రెండు వేళ్లు నాలుక కింద పెట్టి ఈల వేస్తే, ఎక్కడెక్కడి ఆకాశంలోనో ఉన్న పావురాలన్నీ మడత పడిన దుప్పటిలా తిరిగి దిగేవి. ఆ ఈల వినే కాలనీలో ఆడవాళ్లు పొయ్యి వెలిగించేవారు. ఆ రోజు ఆయన వేళ్లు పెట్టాడు, బుగ్గలు పూరించాడు, గాలి మాత్రమే వచ్చింది. మళ్లీ వేశాడు. కూర్చుండిపోయాడు.

"ఏమైంది నాయినా?"

"దమ్ము వస్తలేదు బిడ్డా. కుడి పక్క ఎవడో కూసున్నట్టుంది."

కుడి పక్క కూర్చున్నది నీరు. డాక్టర్ సబీహా ఎక్స్‌రే తీయించింది, సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. ఫలితం వచ్చాక మమ్మల్ని ముగ్గురినీ కూర్చోబెట్టి దాచకుండా చెప్పింది.

"చాచా, ఇది పొర క్యాన్సర్. పూర్తిగా పోదు. కానీ చేయగలిగింది చాలా ఉంది. ముందు గొట్టం వేసి నీరంతా తీసేస్తాం. మళ్లీ చేరకుండా లోపల పౌడర్ చల్లి పొరలను అతికిస్తాం. తర్వాత మూడు వారాలకోసారి సెలైన్‌లో మందు."

నాన్న ఆమె వంక అనుమానంగా చూశాడు. "మల్ల పౌడరా? కంపెనోడు పోసింది సాలలేదా డాక్టరమ్మా?"

"ఇది వేరే పౌడర్ చాచా. మంచిది."

"వాడు గట్లనే చెప్పిండు."

డాక్టర్ సబీహా నవ్వు ఆపుకోలేకపోయింది. అమ్మ ఆయన మోకాలి మీద చరిచింది. "ఆమెను చెప్పనియ్యవయ్యా! బిడ్డా, నీళ్లు తీస్తే మల్ల ఈల ఏస్తడా?"

"వేస్తాడు చాచీ. అది నాకు నమ్మకం ఉంది."

ఐదేళ్లు దాటినవాళ్లకైతే గొట్టానికి, మందుకు చికిత్సా కమిటీ అనుమతి కావాలి. నేనే ఫైలు పట్టుకెళ్లాను. నాలుగో రోజు తిరిగి వచ్చింది.

"రోగి శ్రీ గట్టయ్య తొలి ధూళి తేదీ నుండి నలుబదియొక్క సంవత్సరములు జీవించియున్నారు. నిర్దేశిత లక్ష్యము ఐదు సంవత్సరములే అయినందున, లక్ష్యమునకు మించి ఇదివరకే జీవించియున్న వ్యక్తికి జీవనము నిమిత్తము చికిత్స అనవసరమని భావించడమైనది. వీరిని అధిక జీవనము కింద వర్గీకరించడమైనది."

నేను ఫైలుతో డైరెక్టరుగారి గదిలోకి వెళ్లాను. ఆయన లేచి నా చేయి పట్టుకుని ఊపారు.

"రాజలింగం! నలభై ఒక్క ఏళ్లు! మీ నాన్నగారు మన సంస్థ రికార్డు. ఇంతకాలం చెప్పనేలేదే!"

"సార్, ఆయనకు ఊపిరి ఆడటం లేదు సార్."

"ఆడుతూనే కదా నలభై ఒక్క ఏళ్లు వచ్చారు?"

"ఇప్పుడు ఆడటం లేదు సార్."

"చూడవయ్యా, చదువుకున్నవాడివి. చికిత్స దేనికి? ఐదేళ్లు బతకడానికి. దానికి ఎనిమిదింతలు బతికిన మనిషికి మళ్లీ మందు ఎక్కిస్తే ఆడిట్ వాళ్లు ఊరుకుంటారా? నీ అంకెలే కదా ఇవి. నీ అంకెల్ని నువ్వే నమ్మకపోతే ఎలా?"

అంకెలు నావే. బయటి ఆసుపత్రికి పంపమని అడిగాను. దానికీ ఇదే కమిటీ సంతకం కావాలి.

వార్డులో నాన్న గోడకు దిండు వేసుకుని కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరి అందదు.

"ఏమన్నడు మీ సారు?"

"నువ్వు ఎక్కువ బతికినవంటుండు నాయినా."

"నేనా?" నాన్న అమ్మవైపు తిరిగాడు. "ఇన్నవా? నేను ఎక్కువ బతికిన్నంట."

"నాకు ఎప్పుడో తెలుసు. బయటికి చెప్తే బాగుండదని ఊకున్న," అంది అమ్మ. తర్వాత నావైపు చూసింది. ఆ చూపులో నవ్వు లేదు. "అరేయ్ రాజలింగూ, నిన్ను గింత చదివిచ్చింది, నాయిన ఊపిరికి అడ్డం రాసెటందుకా?"

ఆ రాత్రి డాక్టర్ సబీహా ఒక పని చేసింది. చికిత్సకు అనుమతి లేదు గానీ పరీక్ష కోసం నీటి శాంపిల్ తీయడానికి ఉంది. ఆమె లీటరున్నర శాంపిల్ తీసింది. ఇంత శాంపిల్ దేనికమ్మా అని ల్యాబువాళ్లు ఫోన్ చేస్తే, "నాకు సందేహాలు ఎక్కువ" అంది. నాన్న ఆ వారమంతా పడుకుని నిద్రపోయాడు. తర్వాత నీరు మళ్లీ చేరింది. గొట్టం పడితేనే గానీ లాభం లేదు. ప్రతివారమూ సందేహాలు రావడం కూడా బాగుండదు.

ఇంతలో కేంద్ర జీవన లక్ష్యాల మండలి మా సంస్థకు 'దీర్ఘాయు శిఖర' పురస్కారం ప్రకటించింది. మండలి అధ్యక్షులు చక్రధర్‌గారే వచ్చి అందజేస్తారు. అదే వేదిక మీద రికార్డు రోగి గట్టయ్యకు శాలువా.

"నీరు తీసి శాలువా కప్పొచ్చు గదా," అన్నాడు నాన్న.

వేదికకు చోటు చాలక బయట షెడ్డు పొడిగించాలన్నారు. పక్కనే మూతబడ్డ కంపెనీ ఆవరణలో పాత రేకులు గుట్టలుగా పడి ఉన్నాయి. అవే తెప్పించారు. పొద్దున్నుంచీ కరెంటు రంపంతో కోస్తున్నారు. వేదిక అంతా తెల్లని పొడి పరుచుకుంది.

డాక్టర్ సబీహా పరుగెత్తుకొచ్చింది. "సార్, ఆపండి! ఇవి ఆస్‌బెస్టాస్ రేకులు!"

"డాక్టర్, ఇవి రేకులు. మన రోగులకు జబ్బు వచ్చింది పొడి వల్ల," అన్నారు డైరెక్టరుగారు.

"రేకును కోస్తే వచ్చేది పొడే సార్!"

"కోత అన్నది కాంట్రాక్టరు పరిధి. మీరు వైద్యానికి పరిమితం కండి."

ఆమె నాన్న ముఖానికి మాస్కు కట్టి, చక్రాల కుర్చీని ప్రాంగణం చివర చెట్టు దగ్గర ఆపించింది. పేరు పిలిచేదాకా కదపవద్దంది. కోసేవాళ్లకూ తన దగ్గరున్న మాస్కులన్నీ పంచి, బకెట్లతో నీళ్లు చల్లించింది. అమ్మకు కూడా ఇచ్చింది. అమ్మ దాన్ని కొంగున ముడేసుకుంది.

సభ మొదలైంది. వేదిక మీద డైరెక్టరుగారితో సహా పదకొండు మంది పెద్దలు. అధ్యక్షులవారు మాట్లాడారు. "మృత్యువు ఒక దృక్పథం. దాన్ని మార్చుకోవచ్చునని ఈ సంస్థ నిరూపించింది." చప్పట్లు. తర్వాత రికార్డు రోగి సతీమణిగా మా అమ్మను ముందుగా వేదిక మీదికి పిలిచి, భర్తకు కప్పాల్సిన శాలువా పళ్లెం పట్టుకోమన్నారు.

పొద్దున్నుంచీ వేదిక మీదే ఉన్న పళ్లెం అది. శాలువా మీద వేలు మందాన తెల్లపొడి.

అమ్మ దాన్ని చూసింది. ఆ తర్వాత జరిగింది ఎవరూ చెప్పి చేయించింది కాదు. ఏళ్ల తరబడి ప్రతి సాయంత్రం ఆమె చేతులు ఏం చేశాయో అదే చేశాయి. శాలువా రెండు కొసలు పట్టుకుంది, ఒక అడుగు వెనక్కి వేసింది, ఫట్ మని విసిరింది. మళ్లీ ఫట్. మూడోసారి. నాలుగోసారి.

వేదిక మాయమైంది. తెల్లని మేఘంలోంచి పెద్దల దగ్గులు వినిపించాయి.

దూరం నుంచి నాన్న, ఉన్న కాస్త ఊపిరితో అరిచాడు. "ఏయ్ కొమురమ్మా! ఇడువు! గది నా అంగి కాదు!"

మేఘం తేలిపోయాక పదకొండు మందీ పిండిమరలో పనిచేసి వచ్చినట్టు ఉన్నారు. అధ్యక్షులవారి మీసం నెరిసిపోయింది. డాక్టర్ సబీహా మైకు దగ్గరికి వచ్చింది. ఆమె గొంతు చాలా మామూలుగా ఉంది.

"రాజలింగంగారూ, టైము నోట్ చేసుకోండి. తొలి ధూళి."

నేను ఆమె వంక చూశాను. తర్వాత సర్క్యులర్ గుర్తు తెచ్చుకున్నాను. ఎవరికైనను, ఎక్కడనైనను, అదే దినమున. వ్యాధి ఉన్నదా లేదా అన్నది అనవసరము. నేను విధి తప్పేవాణ్ణి కాదు. సభ ముగియకముందే ఆఫీసుకు వెళ్లి పదకొండు పేర్లూ కంప్యూటరులో ఎక్కించాను. జీవనకాలం అన్న గడిలో పదకొండు సున్నాలు పడ్డాయి. వెంటనే తెర ఎర్రబడి, పదకొండు మందికీ సంపూర్ణ చికిత్స మంజూరైనట్టు ఉత్తర్వులు వాటంతటవే అచ్చయి బయటికి వచ్చాయి. ఇంత ఉదారమైన ఉత్తర్వులు నా సర్వీసులో చూడలేదు.

అతిథులు డైరెక్టరుగారి గదిలో ముఖాలు కడుక్కుని టీ తాగుతున్నారు. తలుపు తోసుకుని ముందు నర్సులు, వెనక పదకొండు చక్రాల కుర్చీలు, ఆ వెనక గొట్టాల పళ్లేలు వచ్చాయి.

"ఏమిటిది?" అన్నారు డైరెక్టరుగారు.

"గొట్టం సార్," అంది పెద్ద నర్సు, వేలంత లావుదాన్ని ఎత్తి చూపిస్తూ. "చొక్కా విప్పండి. ముందు కుడి పక్క."

"నాకేం జబ్బు లేదయ్యా!"

నేను సర్క్యులర్ ముందు పెట్టాను. "సార్, జబ్బు ఉన్నదా లేదా అనవసరం సార్. తొలి ధూళి నుంచి ఐదేళ్లు నిండలేదు. అభ్యంతరాలు పరిగణించరాదని మీరే రాయించారు."

"ఇవాళ దుమ్ము పడితే ఇవాళే రోగినా? బుద్ధి ఉందా నీకు? నాకు ఇవాళ జబ్బు లేదు!"

"మా నాన్నకు కూడా ఆ రోజు జబ్బు లేదు సార్."

నేను వెటకారంగా అనలేదు. నాకు తెలిసిన విషయం చెప్పాను, అంతే. ఆ రోజు ఆయనకు ఇరవై ఏళ్లు. సంచి కోసి గుమ్మరించి, సాయంత్రం ఇంటికొచ్చి ఈల వేశాడు. అప్పటి నుంచి ఆయన్ను రోగి అన్నది వీళ్లే.

అధ్యక్షులవారు మీసం తుడుచుకుంటూ మా డైరెక్టరుగారి వైపు తిరిగారు. "వామనమూర్తీ, ఆ గొట్టం నా దగ్గరికి వచ్చేలోగా దీనికి ఏదైనా సవరణ ఉంటే రాయి."

సవరణ సర్క్యులర్ అప్పటికప్పుడు వెలువడింది. టీ చల్లారలేదు. "జీవనకాలమును వ్యాధి నిర్ధారణ అయిన తేదీ నుండి మాత్రమే గణించవలెను. ధూళిని జీవనముగా పరిగణించుట శాస్త్రసమ్మతము కాదు." పెద్ద నర్సు నిరాశగా గొట్టాన్ని పళ్లెంలో పెట్టింది.

నేను మళ్లీ లెక్క వేశాను. ముప్పై ఆరేళ్ల సగటు పదమూడు నెలలయింది. నలభై ఒక్క ఏళ్ల గట్టయ్య ఐదు వారాలవాడయ్యాడు. ఐదేళ్లకు చాలా తక్కువ. తెర ఎర్రబడింది, సంపూర్ణ చికిత్స అచ్చయింది. డాక్టర్ సబీహా ఆ కాగితం నా చేతిలోంచి లాక్కుని, అక్కడున్న పదకొండు కుర్చీల్లో ఒకటి తోసుకుంటూ పరుగెత్తింది.

పురస్కారం ఎవరూ వెనక్కి అడగలేదు. అడిగితే ఎందుకిచ్చారో చెప్పాలి. వార్డూ ఎత్తివేయలేదు. ఎత్తివేస్తే ఆ పదకొండు ఉత్తర్వుల సంగతి రాయాలి. రోగులందరికీ పెండింగులో ఉన్న మందులు మొదలయ్యాయి.

నాన్నకు గొట్టం వేసి నీరంతా తీశారు. పౌడర్ చల్లి పొర అతికించారు. మొదటి విడత మందు ఎక్కాక రెండు రోజులు అన్నం చూస్తే మొహం తిప్పుకున్నాడు. మూడో రోజు పచ్చిపులుసు అడిగాడు. నాలుగో రోజు తిట్టడం మొదలుపెట్టాడు. కోలుకుంటున్నాడని అమ్మ అంది.

"డాక్టరమ్మా, నిజం చెప్పు. ఇగ ఎంత?" అన్నాడొకనాడు.

"ఏడాది అనుకోండి చాచా. మందు పడితే ఇంకొంచెం. ఎక్కువ చెప్పి మిమ్మల్ని మోసం చేయను."

నాన్న తల ఊపాడు. "మరి నా కాడ నలభై ఒకటి ఉండె గదా. గవి ఎవడు దీస్కపోయిండు?"

"రాజలింగు కొట్టేసిండు, కంపూటర్ల," అంది అమ్మ.

డైరెక్టరుగారు మాత్రం ఊరుకోలేదు. లెక్క నిర్ధారణ నుంచి మొదలవుతుంది కాబట్టి, వ్యాధిని నిర్ధారించే విషయంలో ఎవరూ తొందరపడరాదని ఇంకొక సర్క్యులర్ తయారు చేస్తున్నారు. అది రాకముందే డాక్టర్ సబీహా కాలనీ ఆడవాళ్లందరినీ ఎక్స్‌రేకు రమ్మంది. మొదట మా అమ్మను పిలిచింది.

"నాకేంది బిడ్డా, నేను మంచిగున్న. నేనేమన్న కంపెనీల చేసిన్నా?"

"ఊరికే ఒక ఫోటో చాచీ. ఎప్పటి నుంచి దులిపారు మీరు?"

అమ్మ కొంచెం సిగ్గుపడింది. "పెండ్లయిన తెల్లారి నుంచి."

డాక్టర్ సబీహా నావైపు చూడలేదు. నేనూ ఆమెవైపు చూడలేదు. అమ్మ చెప్పులు విడిచి ఎక్స్‌రే గదిలోకి వెళ్లింది. నేను నాన్న కుర్చీ తోసుకొచ్చి వరండాలో తలుపు పక్కన ఆపాను. ఆయన తలుపు వంక చూస్తూ కూర్చున్నాడు. లోపల మిషను జరుపుతున్న చప్పుడు. తర్వాత ఆపరేటరు గొంతు.

"అమ్మా, ఊపిరి గట్టిగ తీస్కొని బిగబట్టు."

నాన్న రెండు వేళ్లు నాలుక కింద పెట్టాడు. వద్దు నాయినా, ఇది ఆసుపత్రి అనబోయాను. ఈలోగా ఈల వచ్చింది. మునుపటంత పొడుగు లేదు, మధ్యలో ఒకచోట చిరిగింది, అయినా వరండా చివరిదాకా పోయింది. కొత్త షెడ్డు రేకుల మీద వాలిన ఎవరివో నాలుగు పావురాలు గుప్పున లేచాయి.

"వస్తున్న తియ్! నేనేమన్న పావురాన్నా?" లోపలి నుంచి అమ్మ కేక.

"అమ్మా, కదలొద్దు. నవ్వొద్దు. ఊపిరి బిగబట్టమంటున్న గదా!"

"గాయన గట్ల ఈలేస్తుంటే ఎట్ల బిగబట్టాలె బిడ్డా? ఆగు. మల్ల బిగబడ్త."